చేతికొక స్వరం: ఎనిమిది మంది కలిసి అంక్లుంగ్ వాయించడం ఎలా

అంక్లుంగ్ ఒకటి కొనుక్కుని, గదిలో తలుపేసుకుని ఒంటరిగా నేర్చుకుందామనుకుంటే కుదరదు. నేను ఆ పని చేసే భంగపడ్డాను. ఇండోనేషియా వెళ్లొచ్చిన బంధువొకాయన నాకొకటి తెచ్చిపెట్టాడు. ఊపితే గలగలమంది. మళ్లీ ఊపితే మళ్లీ అదే గలగల. వారం రోజులు ఊపాను. పాట రాలేదు సరికదా, ఇంట్లోవాళ్లు దాన్ని అటకెక్కించారు. నా దగ్గరున్నది వాద్యం కాదని, వాద్యంలో ఒక స్వరం మాత్రమేనని చాలా రోజులకు గానీ తెలియలేదు. హార్మోనియంలోంచి ఒక్క మెట్టు ఊడబీక్కొచ్చి పాట వాయించబోయినట్టయింది నా పని.

జావా దీవి పడమటి భాగంలో ఉండే సుండా ప్రజల వెదురు వాద్యం ఇది. ఒక వెదురు చట్రం, అందులో వేలాడే రెండు మూడు బొంగులు, పేముతో వేసిన కట్లు. అంతే సరంజామా. ఊపినప్పుడు బొంగుల అడుగు భాగం కింది అడ్డబొంగులో కోసిన గాడిలో అటూ ఇటూ కొట్టుకుంటుంది, బొంగు లోపలి గాలి ఆ దెబ్బకు మోగుతుంది. ఒక అంక్లుంగ్ ఒకే స్వరం పలుకుతుంది. సప్తస్వరాలూ, పై షడ్జమమూ కావాలంటే ఎనిమిది అంక్లుంగ్‌లు కావాలి, వాటిని పట్టుకునే మనుషులు కావాలి. కాబట్టి కింద రాసినదంతా అపార్ట్‌మెంట్‌లోనో, బడిలోనో, బంధువుల్లోనో ఎనిమిది మందిని పోగుచేయగల ఒకరి కోసం. ఆ ఒకరు మీరే అనుకుని చెబుతున్నాను. మిగతా ఏడుగురికీ సంగీతం రాకపోయినా ఫరవాలేదు. తాళం తప్పకుండా చప్పట్లు కొట్టగలిగితే చాలు.

ముందు వరి సంగతి

చేతిలోకి తీసుకునేముందు ఇది ఎక్కడినుంచి వచ్చిందో మీ వాళ్లకు రెండు మాటలు చెప్పండి. ఇది కచేరీ కోసం పుట్టిన వాద్యం కాదు, వరి కోసం పుట్టింది. జావా పడమటి కొసన ఉన్న బాంటెన్ కొండల్లో కనెకెస్ అనే చోట ఉండే బదూయి జనం ఇప్పటికీ పోడు పొలంలో వరి గింజలు నాటేటప్పుడు అంక్లుంగ్ మోగిస్తారు. పైరు ఒక దశకు వచ్చాక మోగించడం ఆపేస్తారు, మళ్లీ నాట్ల కాలం దాకా తీయరు. బుద్ధి పుట్టినప్పుడల్లా వాయించుకునే వస్తువు కాదది వాళ్లకు. అక్కడ ఒక్కో అంక్లుంగ్‌కూ పేరుంటుంది. అన్నిటికన్నా పెద్దది ఇందుంగ్, అంటే అమ్మ. ఇక హలీమున్ కొండ చుట్టుపక్కల పల్లెల్లో కోతలయ్యాక ధాన్యాన్ని గాదెకు చేర్చే సెరెన్ తావున్ అనే పండుగ చేస్తారు, అందులోనూ అంక్లుంగ్ ఉంటుంది. ఈ మోతంతా వరి దేవత కోసం. సుండా వాళ్లు ఆమెను ఞి పొహాచి అంటారు, శ్రీ అని కూడా అంటారు. ఆ శ్రీ మన శ్రీయే. సంస్కృతం వెంట సముద్రం దాటి వెళ్లి, అక్కడి పొలంలో దిగి ధాన్యలక్ష్మి అయింది.

మీరు వాయించబోయేది సరిగ్గా అది కాదు. పాత అంక్లుంగ్‌లు సలెంద్రో అనే ఐదు స్వరాల పద్ధతిలో ఉంటాయి. వింటే మన మోహనం ఛాయ తగులుతుంది గానీ, స్వరానికీ స్వరానికీ మధ్య ఎడం వేరు, మన శ్రుతిలో ఇమడదు. ఇప్పుడు బడుల్లో, వేదికల మీద కనిపించే సప్తస్వరాల అంక్లుంగ్ 1938లో వచ్చింది. దాయెంగ్ సుతిగ్నా అనే బడిపంతులు చేసిన మార్పు అది. స్కౌట్ పిల్లలకు నేర్పించడానికి వీలుగా పాశ్చాత్య స్వరాలకు కట్టించాడు. అప్పటికి అంక్లుంగ్ వీధుల్లో బిచ్చమెత్తేవాళ్ల చేతుల్లోకి జారిపోయి ఉంది. ఆయన దాన్ని అక్కడినుంచి ఎత్తి బడిలో పెట్టాడు. దాని సుగుణాలను ఇండోనేషియా భాషలో మ అక్షరంతో మొదలయ్యే ఐదు మాటల్లో చెప్పేవారు: తేలిక, చవక, చదువు నేర్పేది, ఆకట్టుకునేది, పదిమందినీ కలిపేది. 1955లో నెహ్రూ హాజరైన బాండుంగ్ సదస్సు సందర్భంగా దాయెంగ్ బృందం అతిథులకు అంక్లుంగ్ వినిపించింది. 2010లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

కొనేటప్పుడు

బొమ్మల దుకాణాల్లో అమ్మేవాటిలో చాలా భాగం గోడకు తగిలించుకోవడానికే. రంగులు వేసి, ఊరి పేరు చెక్కి ఉంటాయి. మోగుతాయి, కానీ శ్రుతి ఉండదు. మీకు కావలసింది ఎనిమిది అంక్లుంగ్‌ల సెట్టు. దీన్ని సరినందె అంటారు. కింది స నుంచి పై స దాకా శుద్ధంగా ఎనిమిది స్వరాలుంటాయి. ఇందులోనే 13 ఉండే పెద్ద సెట్టు కూడా ఉంది, కింది పంచమం నుంచి పై గాంధారం దాకా పోతుంది. కొత్తవాళ్లు ఎనిమిదితోనే మొదలుపెట్టండి. పదముగ్గురిని ఒకే సాయంత్రం ఒకేచోట కూర్చోబెట్టడం సంగీతం కన్నా కష్టమైన విద్య.

చేతికి రాగానే ఒక్కొక్కటే పరీక్షించండి. సెట్టులోని ప్రతి అంక్లుంగ్‌లో పెద్ద బొంగు ఒకటి, చిన్న బొంగు ఒకటి ఉంటాయి. రెండూ ఒకే స్వరం పలకాలి, చిన్నది ఒక స్థాయి పైన. ఒకదాన్ని వేలితో పట్టి ఆపి రెండోదాన్ని మోగించండి, తర్వాత అటుది ఇటు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే ఇంకా మంచిది. మొదటి దాని మీద 1 అని రాసి ఉంటే యాప్‌లో సి చూపించాలి. మన లెక్కలో అది ఒకటి శ్రుతి. బొంగు పొడవునా సన్నని బీట ఉందేమో వెలుతురుకు పెట్టి చూడండి. బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. తెల్లటి కాగితం మీద తట్టండి, మెత్తటి పిండి రాలితే లోపల పురుగు తొలుస్తున్నట్టే, అది తిప్పి పంపేయండి. శ్రుతి కొంచెం అటూ ఇటూ ఉంటే మాత్రం మీరు చాకు పట్టుకోకండి. కొస కోస్తే శ్రుతి పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గించడానికి వేరే చోట చెక్కాలి, అలా చెక్కుకుంటూ పోతే చివరికి పళ్లుతోముకునే పుల్ల మిగులుతుంది.

మంచి సెట్టుకు ధర ఎక్కువ చెబితే ఆశ్చర్యపోకండి. అంక్లుంగ్ నల్లవెదురుతో చేస్తారు, సుండా భాషలో దాన్ని ‘అవి వులుంగ్’ అంటారు. ఏడాదిలో ఇలకోడి పురుగులు కూసే రెండు వారాల్లోనే దాన్ని కొడతారు. నేలనుంచి కనీసం మూడు కణుపులు వదిలి కొడతారు, పొద మళ్లీ చిగురించాలని. కొట్టాక చాలాకాలం ఆరబెట్టి, అప్పుడు గానీ చెక్కరు.

పట్టుకోవడం

ఎడమచేత్తో చట్రాన్ని పట్టుకోండి. నిలువు కర్రా, మధ్యలో అడ్డకర్రా కలిసే ముడి దగ్గర పట్టు ఉండాలి. బిగించకండి, కాఫీ గ్లాసు పట్టుకున్నంత చాలు. చెయ్యి దాదాపు చాపి, అంక్లుంగ్‌ను ఒంటికి దూరంగా, నిటారుగా నిలపండి. కుడిచేత్తో కింది అడ్డబొంగు కొసను పట్టుకోండి. ఎడమచేతి వాటం వాళ్లు చేతులు మార్చుకోవచ్చు. పై చెయ్యి కదలకూడదు, కింది చెయ్యే ఆడాలి. మొదటిరోజు అందరూ రెండు చేతులూ కలిపి ఊపుతారు, చంటిపిల్లను ఆడించినట్టు. నవ్వుకోనివ్వండి, తర్వాత సరిదిద్దండి.

మూడు దెబ్బలు

మొదటిది కురులుంగ్. వాయింపులో చాలా భాగం ఇదే. కింది బొంగును కుడికీ ఎడమకూ గబగబా ఆడించాలి, స్వరం ఎంతసేపు నిలవాలో అంతసేపూ. దీన్ని నేర్పడానికి నాకు దొరికిన దగ్గరి దారి వంటింట్లో ఉంది: పిండి జల్లించినట్టు ఆడించండి, బియ్యం చెరిగినట్టు కాదు. చాటలో చెరిగేటప్పుడు చెయ్యి పైకీ కిందికీ ఎగరేస్తాం. జల్లెడ పట్టేటప్పుడు మణికట్టు దగ్గర్నుంచి పక్కలకు ఆడిస్తాం. ఈ మాట చెప్పాక మా బృందంలో అందరికన్నా ముందు బాగా వాయించింది 70 ఏళ్ల పెద్దమ్మగారు. ఎనిమిది అక్షరాల కాలం, అంటే తాళంలో ఎనిమిది లెక్కలు, ఒకే జోరున, మధ్యలో సన్నబడకుండా, చివర్లో గట్టిపడకుండా ఊపగలిగేదాకా ఇంకేమీ మొదలుపెట్టకండి.

రెండోది చెంతోక్. కింది బొంగు కొసను కుడిచేత్తో ఒక్కసారి టక్కున కొట్టి ఆపేయడం. ఒకే ముక్క శబ్దం వస్తుంది. నడక చురుగ్గా ఉన్న పాటల్లో పనికొస్తుంది. పిల్లలకు ఇది తెగ నచ్చుతుంది, అందుకే దీన్ని రెండో రోజుకు దాచుకోండి.

మూడోది తెంకెప్. చిన్న బొంగును వేలితో కదలకుండా పట్టి, పెద్దదాన్ని మాత్రమే మోగించడం. రెండు స్థాయిలూ కలిసి మోగే గలగల పోయి, ఒక్క స్వరమే నున్నగా వస్తుంది. పాటలో గొంతు తగ్గించాల్సిన చోట వాడండి.

మూడు నాలుగు బొంగులతో తీగవాద్యాల కార్డ్‌లా ఒకేసారి అనేక స్వరాలు పలికే అంక్లుంగ్‌లు కూడా ఉంటాయి. సినిమా పాటల దాకా వెళితే అవి కావాలి. ఇప్పుడు అక్కర్లేదు.

ఎవరికి ఏది

కింది స్వరాల అంక్లుంగ్‌లు పెద్దవి, బరువు. స, రి పెద్దవాళ్లకివ్వండి. ని, పై స చిన్నపిల్లల చేతికి సరిపోతాయి. అందరినీ అర్ధచంద్రాకారంలో స్వరాల వరుసలో నిలబెట్టండి. తన పక్కన ఎవరున్నారో తెలిస్తే తన వంతు ఎప్పుడొస్తుందో తెలుస్తుంది. ప్రతి స్వరానికీ ఇంకొకరిని కూడా తయారుచేసి పెట్టుకోండి. వీణ కచేరీలో తీగ తెగితే మార్చుకోవచ్చు. ఇక్కడ గ వాయించే అబ్బాయికి జ్వరమొస్తే పాట మధ్యలో గొయ్యి పడుతుంది. అంక్లుంగ్‌లన్నిటినీ ఒక స్టాండుకు వరుసగా తగిలించి ఒక్కరే వాయించే పద్ధతీ ఉంది, గొప్పగా వాయించేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం అది ఒంటరిగా అంత్యాక్షరి ఆడుకున్నట్టు అనిపిస్తుంది.

వంతు రానప్పుడు అంక్లుంగ్‌ను కొంచెం పక్కకు వాల్చి పట్టుకోమనండి. నిటారుగా ఉంటే ఊపిరి తీసినా గలగలమంటుంది.

అసలు విద్య: అందించడం

ఎనిమిది మందీ ఎవరి స్వరం వాళ్లు చక్కగా ఊపగలుగుతారు. ఇక పాటే అనుకుంటారు మీరు. మొదలుపెడితే స, ఒక ఖాళీ, రి, ఒక ఖాళీ, గ... పళ్లూడిన నోటితో పాడినట్టు వస్తుంది. దాదాపు ప్రతి బృందమూ ఇక్కడే ఆగిపోతుంది. తన అక్షరం అయిపోయిందని ఒకరు ఆపేశాక రెండోవాళ్లు మొదలుపెట్టడమే లోపం.

ఇల్లు కట్టేచోట ఇటుకలు అందించుకునేవాళ్లను చూసే ఉంటారు. ఎదుటివాడి చెయ్యి ఇటుకకు తగిలాకే మొదటివాడు వదులుతాడు. ఇదీ అంతే. రి మోగడం చెవిన పడ్డాకే స ఆగాలి. అంటే వాయించేవాళ్లు తమ చేతిని కాదు, పక్కవాళ్ల మోతను వినాలి. వయొలిన్ నేర్చుకున్న ఒకాయన మా బృందంలో అందరికన్నా ఆలస్యంగా దీన్ని పట్టుకున్నాడు. తన స్వరాన్ని తానే ముగించడం ఆయనకు అలవాటు.

దీనికి సాధన ఇలా చేయించండి. మొదట ఇద్దరినే తీసుకోండి, స, రి. మీరు ఆదితాళం వేయండి, ఎనిమిది అక్షరాలకు ఒక ఆవర్తం. స ఒక ఆవర్తం, రి ఒక ఆవర్తం, మళ్లీ స. మధ్యలో సందు వినపడకుండా వచ్చేదాకా అక్కడే ఉండండి. తర్వాత సగం ఆవర్తం, తర్వాత రెండేసి అక్షరాలు, చివరికి ఒక్కో అక్షరం. ఆపైన గ చేర్చండి. ఎనిమిది మందీ కలిసి ఆరోహణ, అవరోహణ ఒక్కో అక్షరం చొప్పున అతుకు తెలియకుండా వాయించడానికి మాకు నాలుగు ఆదివారాలు పట్టింది. కళ్లు మూసుకుని చేయించి చూడండి, సగం సమయం పడుతుంది.

ఒకే స్వరం రెండుసార్లు వస్తే మాత్రం దీనికి తిరకాసు. స స అని ఉంటే మధ్యలో చిటికెలో ఆపి మళ్లీ ఎత్తుకోవాలి. లేకపోతే రెండూ కలిసి ఒక పొడుగు స అయిపోతుంది.

పాట ఎంచుకోవడం

మనవాళ్లు పొరపడేది ఇక్కడే. కర్ణాటక సంగీతం కొంచెం తెలిసినవాళ్లు వెంటనే సరళీ వరుసలు మొదలుపెడతారు. అవి మాయామాళవగౌళలో ఉంటాయి. మీ సెట్టులో ఉన్నది శంకరాభరణం స్వరాలు. రి, ద రెండూ మీరనుకున్నచోట ఉండవు. వరుసలు వాయించుకోవచ్చు, కానీ శంకరాభరణంలో వాయిస్తున్నామని తెలిసి వాయించండి, లేకపోతే గురువుగారి దగ్గర నేర్చుకునే పిల్లల చెవి చెడుతుంది. గమకం ఈ వాద్యంలో పలకదు. బొంగు వంగదు, జారదు. గమకాల మీదే నడిచే తోడి రాగం జోలికి పోకండి.

హాయిగా కుదిరేది మోహనం. స రి గ ప ద, పై స. ఆరు అంక్లుంగ్‌లు చాలు. మ, ని పట్టుకున్న ఇద్దరూ ఆ పూటకు తాళం వేస్తారు. మోహనంలో ఒక చిన్న గీతం తీసుకుని, గమకాలు పక్కనపెట్టి స్వరాల అస్థిపంజరం మాత్రం రాసుకోండి. పెద్ద చార్టు మీద, దూరానికి కనిపించేలా, ప్రతి ఆవర్తం ఒక వరుసగా. దీర్ఘానికి కామా పెట్టే మన పద్ధతే పెట్టండి. ఇండోనేషియాలో 1 నుంచి 7 దాకా అంకెలతో రాస్తారు, 1 అంటే స. పైస్థాయికి అంకె మీద చుక్క పెడతారు. అంక్లుంగ్‌ల మీద కూడా అంకెలే ఉంటాయి గనుక పిల్లలకు అంకెలు తేలిక. అయితే ఒక చిక్కుంది. సుండా వాళ్ల సొంత పంచస్వరాల రాతలో, ద మి న తి ల అంటారు వాటిని, 1 అంటే అన్నిటికన్నా పై స్వరం, 5 అంటే కిందిది. ఇంటర్నెట్‌లో దొరికిన ఏ సుండా పాటో పట్టుకుని మన లెక్కలో వాయిస్తే పాట శీర్షాసనం వేస్తుంది.

చార్టు కంఠతా వచ్చాక తీసేయండి. అప్పుడు ముందు నిలబడ్డవాళ్లు చేతి సైగలతో నడిపించవచ్చు. పిడికిలి అంటే స, అరచెయ్యి ఏటవాలుగా పైకి చూపితే రి, నేలకు సమంగా అడ్డంగా పెడితే గ, అరచెయ్యి తనవైపు తిప్పుకుంటే ప, వేళ్లు కిందికి వేలాడేస్తే ద. బాండుంగ్‌లో సౌంగ్ అంక్లుంగ్ ఉజో అనే కేంద్రముంది. దాయెంగ్ శిష్యుడు ఉజో న్‌గలగెనా, ఆయన భార్య ఊమ్ సుమియాతి కలిసి 1966లో పెట్టారు. అక్కడ ప్రదర్శన చూడ్డానికి వచ్చినవాళ్ల చేతికి తలా ఒక అంక్లుంగ్ ఇస్తారు. వేదిక మీద ఒకరు నిలబడి సైగలు చేస్తుంటే, ఒకరి భాష ఒకరికి తెలియని జనం కాసేపట్లోనే కలిసి పాట వాయించేస్తారు. 2011లో వాషింగ్టన్‌లో 5,182 మంది, 2023లో జకార్తాలో 15,110 మంది ఇలా కలిసి వాయించి గిన్నిస్‌కెక్కారు. అంతమందికీ ముందుగా తెలిసి ఉండాల్సింది జల్లెడ పట్టడం ఒక్కటే.

మీ ప్రదర్శనలోనూ ఇది చేయండి. మీ పాటలు రెండో మూడో అయ్యాక కిందికి దిగి, ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు అంక్లుంగ్‌లు పంచండి. ఫోన్‌లో వీడియో తీస్తున్నవాళ్లకు ముందు ఇవ్వండి. రెండు చేతులూ కావాలి గనుక ఫోన్ జేబులోకి పోతుంది.

దాచుకోవడం

వెదురుకు తడీ పడదు, మరీ ఎండా పడదు. మన రోహిణి కార్తె ఎండల్లో కారు డిక్కీలో వదిలేస్తే బీటలు వారుతుంది. వానాకాలంలో బీరువాలో మూసిపెడితే బూజు పడుతుంది. గాలాడే గదిలో, గోడకు మేకు కొట్టి, చట్రం పైకొసతో వేలాడదీయండి. ఒకదానిమీద ఒకటి పేర్చకండి. నెలకోసారి పొడిగుడ్డతో తుడిచి, పేము కట్లు వదులయ్యాయేమో చూడండి. కట్టు వదులైతే నైలాను తాడుతో తాత్కాలికంగా బిగించవచ్చు, అందం పోతుంది గానీ మోత పోదు. వార్నిష్ మాత్రం వేయకండి.

ప్రదర్శన అయిపోయాక, టీలు తాగేముందు ఎనిమిదీ లెక్కపెట్టుకోండి. మా మ ఒకసారి ఒక పిల్లాడి బడిసంచిలో చేరి మూడు వారాలు కనిపించలేదు. ఆ మూడు వారాలూ మోహనమే వాయించాం.